నల్లమట్టి ముందు వచ్చింది

బోరు పైపులోంచి బయటికొచ్చిన మట్టిని రెబెక్కమ్మ ముందు కళ్లతో చూసేది, తర్వాత వాసన పీల్చేది, ఆపైన చిటికెడు తీసి పంటికింద వేసుకునేది. కరకరలాడితే ఇసక కలిసిన ఒండ్రు. వెన్నలా జారిపోతే బంకమట్టి. నాలుక చివర చురుక్కుమంటే ఉప్పు. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, గోనెపట్టా మీద ఆ మట్టిని ముద్దగా పెట్టేది. దాని పక్కన ఇంకో ముద్ద, ఆ పక్కన మరొకటి, భూమి లోపల ఏ వరసలో ఉందో అదే వరసలో. ఆమె భర్త హెబ్రోను ఇద్దరు కూలీలతో చేతిబోరు తిప్పేవాడు. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో చెప్పేది మాత్రం ఆమె.

పుట్టిల్లు కొడవలూరు పక్క పల్లె. తండ్రిదీ బోరు పనే. పెళ్లయ్యాక పెన్నా ఏరు సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా ఉన్న చినదిబ్బపాళెం వచ్చింది. ముప్పై గడపల పాళెం. ఒక చిన్న చర్చి. దక్షిణాన ఏటి వరదను ఆపే పొర్లుకట్ట, తూర్పున రొయ్యల గుంటలు, వాటి వెనక ఉప్పుకాలవ, ఆ వెనక సముద్రం.

ఆ పనిలో దెబ్బలు తినడం వాళ్లకు కొత్త కాదు. ఒకసారి కోవూరు అవతల రంగనాయకులు అనే రైతు పొలంలో బోరు వేస్తుంటే, డెబ్భై అడుగుల దగ్గర గవ్వ ముక్కలతో నల్ల ఇసక వచ్చింది. "ఇంక దించబాకండి, కింద ఉప్పునీళ్లుండాయి" అంది రెబెక్కమ్మ. ఆయన వినలేదు. దించమన్నాడు, ఉప్పునీళ్లే పడ్డాయి. కోపం పట్టలేక అక్కడున్న పైపుముక్క అందుకుని హెబ్రోను వీపు మీద కొట్టాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ చలికాలమంతా హెబ్రోను కుడివైపు తిరిగి పడుకోలేకపోయాడు.

మరుసటి ఏడు క్రాంతి కుమార్ వచ్చాడు. నెల్లూరులో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరర్. వెనకటి రోజుల్లో సముద్రం ఎంత లోపలికి వచ్చిందో, ఏరు ఎక్కడెక్కడ పారిందో తెలుసుకోవాలని తీరం వెంట మట్టి తీయించడానికి హెబ్రోను జట్టును రెండు చలికాలాలు పనిలో పెట్టుకున్నాడు. మూడో రోజుకే ఆయనకు అర్థమైంది, తన పుస్తకాల్లో ఉన్నదాంట్లో సగం ఈమె నోట్లోనే ఉందని.

ఒకరోజు వాన పట్టుకుంటే పని ఆపి అందరూ చర్చి ముందు కూర్చున్నారు. మెట్టుకు వేసిన కడప బండ మీద సన్నగా, వరసగా గీతలున్నాయి. క్రాంతి కుమార్ వాటి మీద వేలు పెట్టి, "ఇదేంటో చెప్పమ్మా" అన్నాడు.

"ఉలిదెబ్బలు గదా సార్."

"ఉలి కాదు, నీళ్లు. ఈ బండ ఒకప్పుడు నీళ్ల అడుగున ఉన్న బురద. నీళ్లు కదిలినప్పుడు దాని మీద పడ్డ మడతలివి. పైన ఇంకో బురద వచ్చి కప్పేసింది. కోట్ల ఏళ్లకు గట్టిపడి రాయయింది. మడత మాత్రం అట్లాగే ఉండిపోయింది."

రెబెక్కమ్మ వంగి, కళ్లు మూసుకుని, గీతల మీద బొటనవేలు నడిపింది. "రెండు పక్కలా ఒకటే వాలుండాది సార్. నీళ్లు ఊగినాయి గానీ పారలా."

క్రాంతి కుమార్ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. "పారుంటే?"

"ఒక పక్క పడుకోనుంటాది, ఒక పక్క నిలబడుంటాది. నిలబడిన పక్కకి నీళ్లు పోయినట్టు. మా యేట్లో దినామూ చూస్తుంటా గదా."

ఆ రెండు చలికాలాల్లో ఆయన ఆమెకు ఇంకా చాలా చెప్పాడు. రాతి పొరలో అడుగున ముతక, పైన మెత్తన ఉంటే, వేగంగా వచ్చిన నీళ్లు తర్వాత నిదానించాయని. నెరియలు ఉంటే ఆ బురద ఒకసారి ఎండిందని. గవ్వలు నుజ్జునుజ్జయి ఇసకలో కలగాపులగంగా పడుంటే అక్కడ ఏదో పెద్ద ఉత్పాతం జరిగిందని. ఆమెకు ఇవన్నీ తెలిసినవే. రాయి కూడా ఆ మాటే చెబుతుందన్నదొక్కటే కొత్త.

వరద వచ్చిన నవంబరుకు రెబెక్కమ్మకు నలభై ఎనిమిదేళ్లు. అంతకు వారం ముందు బోరు పైపు జారి హెబ్రోను పాదం మీద పడింది. తొమ్మిది కుట్లు. నేల మీద కాలు మోపలేని స్థితి. మూడు రోజులుగా వాన ఆగలేదు. పైన డ్యాము గేట్లన్నీ ఎత్తారని ఫోన్లు వచ్చాయి. మధ్యాహ్నం మూడింటికి పడమటి మలుపులో పొర్లుకట్ట కారుతోందని కేక వినపడింది. కాళ్లూ చేతులూ ఆడే మనుషులందరూ గోనెసంచులు పట్టుకుని అటు పరిగెత్తారు. రెబెక్కమ్మ, ఇరవై నాలుగేళ్ల కొడుకు మాథ్యూ కూడా కదిలారు.

"మంచం దిగబాక," అని హెబ్రోనుకు చెప్పింది. "నీళ్లొస్తే కట్ట మీంచి మాకు ముందే కనపడతాది. వచ్చి ఎత్తుకోనొస్తాం."

"పొండి పొండి," అన్నాడాయన. "నాకేం కాదులే."

కట్ట మీద వాన ముఖాన రాళ్లతో కొట్టినట్టు పడుతోంది. పక్కనున్న మనిషి అరుపు పక్కవాడికి వినపడదు. ఏరు ఎర్రగా ఉబ్బి, చెట్లను వేళ్లతో సహా దొర్లించుకుపోతోంది. కడుపు ఉబ్బిన గేదె ఒకటి కట్టను గుద్దుకుని, తిరగబడి, నాలుగు కాళ్లూ పైకెత్తి వెళ్లిపోయింది. రెండున్నర గంటలు సంచులు వేశారు. సందెవేళకు కాళ్ల కింద కట్ట మెత్తబడింది. ఒక్క చప్పుడుతో ఇరవై గజాల మేర ఊడిపోయింది. సంచులు మోస్తున్న ఇద్దరు మనుషులు అందులో పడ్డారు. ఒకణ్ణి తాడేసి లాగారు. రెండోవాణ్ణి ఏరు తాటిదుంగకేసి బాదింది. అతన్ని బయటికి లాగినప్పుడు చెయ్యి భుజం దగ్గర వేలాడుతోంది.

రెబెక్కమ్మ అదేదీ చూడలేదు. ఇంటి వైపు పరిగెత్తింది. వెనక నుంచి నీళ్లు తరుముకొచ్చాయి. చర్చి దాటేసరికి నడుం దాకా వచ్చి ఆమెను ఎత్తి కరెంటు స్తంభానికేసి కొట్టాయి. మాథ్యూ జుట్టు పట్టి లాగి చర్చి మేడ మెట్ల మీదికి తోశాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. చెంప మీద కొట్టింది. "మీ నాయన, మీ నాయన!" అని అరుస్తూనే ఉంది. కొడుకు ఆమెను మెట్లకు అదిమిపెట్టి పట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి నీళ్లు మోకాలి లోతుకు తగ్గాయి. రెబెక్కమ్మ ఇంటి తూర్పు గోడ లేదు. ఇటుకలన్నీ గది లోపలికి కూలి ఉన్నాయి. మాథ్యూ ఒక్కొక్కటే తీసి బయటికి విసిరాడు. ఇటుకల కింద ఇనప మంచం, మంచం కింద హెబ్రోను. విరిగిన మంచం పట్టీ రొమ్ములో దిగబడి ఉంది. చేతులు రెండూ పైకి లేచి ఇటుకలను నెడుతున్నట్టే బిగుసుకుపోయాయి. వేళ్ల చివర గోళ్లు లేవు. కొంతసేపు బతికే ఉన్నాడని ఆ చేతులను చూస్తే తెలిసింది. రెబెక్కమ్మ ఆయన తలను ఒళ్లో పెట్టుకుని చీర చెంగుతో నోరు తుడిచింది. నోటినిండా మట్టి. వేలు పెట్టి తీసింది. నల్లగా, జిగురుగా ఉంది. తీసినకొద్దీ వస్తూనే ఉంది.

పాళెంలో ఇద్దరు పోయారు. రెండో మనిషి, తూర్పు వరసలో మంచం పట్టి ఉన్న ముసలమ్మ ఆనందకుమారి. తహసీల్దారు ఆఫీసు వాళ్లు వచ్చి ఇద్దరి పేర్ల పక్కన పెన్నా వరదలో మృతి అని రాసుకున్నారు. సమాధి దగ్గర పాస్టరు గారు ఇది దేవుని చిత్తమన్నారు. రెబెక్కమ్మ తల ఊపింది.

నాలుగో రోజు పొద్దున ఇల్లు బాగు చేసుకుందామని పార పట్టుకుని వెళ్లింది. గదిలో అడుగున్నర మేర ఒండ్రు. మొదటి వేటుకే పార బండల నేలను తాకి ఖంగుమంది. మట్టి పలక నిలువుగా తెగి పక్కకు పడింది. ఆమె రెండో వేటు వెయ్యలేదు.

తెగిన అంచులో రెండు రంగులున్నాయి. పైన జానెడు ఎర్రటి ఒండ్రు, దాన్నిండా కాకిబంగారం రేకుల మెరుపు. అది ఏటి మట్టి, పుట్టినప్పటి నుంచి చూస్తున్నది. కింద మరో జానెడు నలుపు. అందులో ఒక్క మెరుపు లేదు. దాని అడుగున ముతక ఇసక, గట్టుమట్టి గడ్డలు, చితికిన గవ్వలు, రొయ్య తలకాయలు. ఆపైన నల్ల ఇసక. అన్నిటికన్నా పైన, ఎరుపును ఆనుకుని, వేలెడు మందాన మెత్తటి బురద. చిటికెడు తీసి పంటికింద వేసుకుంది. ఉప్పు.

మోకాళ్ల మీద కూర్చుని పైనున్న ఎర్ర ఒండ్రును, ఆ కింది బురదను చేత్తోనే మెల్లగా తొలిచింది. నల్ల ఇసక మీద అలల మడతలు బయటపడ్డాయి. బొటనవేలు నడిపింది. తూర్పు వైపు పడుకుని ఉన్నాయి. పడమటి వైపు నిలబడి ఉన్నాయి.

ఏటి నీళ్లు పడమర నుంచి వచ్చాయి. అందరూ చూశారు. ఈ నీళ్లు తూర్పు నుంచి వచ్చాయి. అది కూడా ఏటికంటే ముందు. ఎంత ముందంటే, ఇసక పరుచుకుని, దాని మీద బురద నిదానంగా పేరుకునేంత ముందు. ఏరు తోస్తే తూర్పు గోడ బయటికి పడాలి. అది లోపలికి పడింది.

ఆయన నోట్లోది ఏటి మట్టి కాదు.

ఆమె తూర్పుగా నడిచింది. రొయ్యల గుంటల్లో పెద్దది హరినాథ్‌ది. పై ఊళ్లో పొలాలున్న ఆసామి, ఇక్కడ ఎనభై ఎకరాలు లీజుకు తీసుకుని రొయ్యలు పెంచుతున్నాడు. గుంట పడమటి గట్టు మీద లారీ పట్టేంత మేర కొత్తమట్టి వేసి పూడ్చారు. పూడ్చిన చోటికి రెండు పక్కలా పాత గట్టు మీద జేసీబీ బకెట్ పళ్ల గీతలు నిలువుగా దిగి ఉన్నాయి. వానకు తెగిన గట్టుకు పళ్ల గీతలుండవు.

అక్కడి నుంచే క్రాంతి కుమార్‌కు ఫోన్ చేసింది. ఆమె చెప్పిందంతా ఆయన ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు.

"అమ్మా, ఆ నేలను ఎవ్వరూ కదిలించకుండా చూసుకో," అన్నాడు చివరికి. "రోడ్లు తెగిపోయున్నాయి. ఎట్లాగైనా రేపటికి వస్తా."

రేపటిదాకా ఎవరూ ఆగలేదు. మధ్యాహ్నం రెండింటికి హరినాథ్ తన జేసీబీతో పాళెంలోకి వచ్చాడు. వెంట కర్రలు పట్టుకున్న నలుగురు గుంట కాపలాదార్లు. వరద బాధితుల ఇళ్లు ఉచితంగా శుభ్రం చేయిస్తున్నానని అందరికీ వినపడేలా చెప్పాడు. తూర్పు వరస నుంచి మొదలుపెట్టమన్నాడు.

రెబెక్కమ్మ వాకిట్లో పార అడ్డం పట్టుకుని నిలబడింది.

"పక్కకు తప్పుకోమ్మా," అన్నాడు హరినాథ్. "నీకు సాయం చేయడానికే వచ్చినా."

"నీ గుంటలో బురద నా ఇంట్లోకి యెట్టొచ్చిందో ముందు చెప్పు. ఆ తరవాత ఊడ్పిద్దువుగాని."

"మొగుడు పోయిన బాధలో ఏందేందో మాట్లాడుతుండావు. ఏరు చంపింది ఆయన్ని. దానికి నేనేం చేసేది?"

"ఏరు తరవాత వచ్చిందయ్యా. నువ్వు ముందొచ్చినావు."

హరినాథ్ ముఖం మారింది. డ్రైవర్ వైపు తిరిగి, "బండి పోనియ్" అన్నాడు. డ్రైవర్ నరేంద్రబాబు ముప్పై ఏళ్లవాడు. అతను బండి కదిలించలేదు. హరినాథ్ మళ్లీ అరిచాడు. బకెట్ లేచింది. మాథ్యూ ఎగిరి జేసీబీ మెట్టు ఎక్కబోయాడు. కాపలాదార్లు కాలు పట్టి లాగి కింద పడేశారు. ఒకడు అతని మెడ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు ఎడమ చెయ్యి మెట్టు రాయి మీద చాపి, కర్రతో మోచేతి కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు రెబెక్కమ్మకు ఇంజను మోతలోనూ వినపడింది.

తర్వాతది ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పార గాల్లోకి లేచింది. దాని చదునైన వైపు హరినాథ్ దవడకు తగిలింది. అతను నోరు పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తంతో పాటు రెండు పళ్లు పడ్డాయి. ఆమె పార మళ్లీ ఎత్తింది. ఈసారి అంచు కిందికి తిప్పి పట్టుకుంది. చంపేయాలనే అనుకుంది. ఆ సంగతి తర్వాత ఎవరడిగినా దాచలేదు. అంతలో వెనక నుంచి ఎవడో జుట్టు పట్టి లాగాడు. పొత్తికడుపులో తన్నాడు, మళ్లీ తన్నాడు. బురదలో బోర్లా పడింది. పక్కింటి రాఘవమ్మ మొదటి ఇటుక విసిరింది. ఆనందకుమారి ఆమె తోడబుట్టిన అక్క. ఆ తర్వాత పాళెంలోని ఆడవాళ్లందరూ కూలిన గోడల ఇటుకలే ఏరి విసిరారు. కాపలాదార్లలో ఒకడికి కన్ను చితికింది. నరేంద్రబాబు ఇంజను ఆపేసి, తాళం తీసి బురదలోకి గిరాటేసి, తల పట్టుకుని సీట్లో కూర్చుండిపోయాడు.

పోలీసులు వచ్చి ముందు రెబెక్కమ్మనే తీసుకెళ్లారు. హత్యాయత్నం కేసు. పద్నాలుగు రోజుల రిమాండు. జైలు ఆస్పత్రిలో ఆమెకు మూడు రోజులు మూత్రంలో రక్తం పడింది. జీపు ఎక్కబోతూ రాఘవమ్మతో ఒకే మాట చెప్పింది: "అక్కా, ఆ మట్టి పోనియ్యబాక."

పోనివ్వలేదు. ఆ రాత్రీ మర్నాడూ తూర్పు వరస ఇళ్ల గుమ్మాలకు అడ్డంగా ఆడవాళ్లు చాపలేసుకుని పడుకున్నారు. చేతికి సిమెంటు కట్టు వేయించుకుని వచ్చి మాథ్యూ కూడా వాళ్లతో కూర్చున్నాడు. క్రాంతి కుమార్ సగం దూరం ట్రాక్టరు మీద, సగం నడిచి వచ్చాడు. నిలువునా చీల్చిన ప్లాస్టిక్ పైపులు మట్టిలోకి దించి, పొర చెదరకుండా తీశాడు. తహసీల్దారును, ఇద్దరు ఊరి పెద్దలను పిలిపించి, ప్రతి పైపు మీదా సంతకాలు పెట్టించాడు. పదకొండు ఇళ్లలో తీశాడు. తూర్పు చివర ఇళ్లలో నలుపు జానెడు పైన ఉంది. చర్చి దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్ల మందం. పడమటి ఇళ్లలో అసలు లేదు, ఎరుపే ఉంది. గుంట అడుగున తీసిన బురద, ఆ నలుపు, రెండూ ఒకటేనని పరీక్షల్లో తేలింది.

విచారణ మూడేళ్లు నడిచింది. హరినాథ్ తరఫు వకీలు పేరున్నవాడు. రెబెక్కమ్మ బోనెక్కగానే, "ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అని అడిగాడు.

"అయిదు."

"భూగర్భశాస్త్రం?"

"అదేందో నాకు తెలవదు సార్. ముప్పై ఏళ్లుగా మట్టి తింటుండా."

కోర్టులో కొందరు నవ్వారు. జడ్జి నవ్వలేదు. పైపు ఒకటి బల్ల మీద పెట్టించి, ఆమెను దగ్గరికి పిలిచి చూపించమన్నారు. రెబెక్కమ్మ పైపు మీద కప్పిన అద్దం మీంచే వేలితో చూపిస్తూ చెప్పింది.

"ఇది అడుగు. గట్టు ముక్కలూ గవ్వలూ ఉండాయి. విసురుగా వచ్చినప్పుడు ఇంత బరువు మోసుకోనొస్తాది. ఇది దాని పైన, సన్న ఇసక. విసురు తగ్గింది. ఇది బురద. నీళ్లు నిలబడిపోయినాయి. అప్పటికి ఏరింకా రాలేదయ్యా. ఇదిగో, ఈ గీత కాడ వచ్చింది." వేలు ఆ గీత మీద ఆగింది. "మా ఆయన ఈ కింద పోయినాడు. పైన కాదు."

వకీలు తర్వాత ఆ మట్టి ఎప్పటిదో ఎవరికి తెలుసని వాదించాడు. గట్టు తెగడానికి వానే కారణమన్నాడు. నరేంద్రబాబు సాక్ష్యం చెప్పకపోతే ఆ వాదన నిలబడేదేమో. అతను తనంతట తానే వచ్చాడు. ఉప్పుకాలవ పొంగి గుంట నిండి తూర్పు గట్టు తెగేలా ఉందని, తెగితే వారంలో పట్టాల్సిన రొయ్యంతా సముద్రం పాలవుతుందని, కొంత రొయ్య పోయినా సరే నీటిమట్టం దించడానికి పడమటి గట్టు కొట్టమని హరినాథ్ చెప్పాడన్నాడు. మూడున్నరకు కొట్టానన్నాడు.

"కింద ఇళ్లున్నాయని నీకు తెలుసా?" అని జడ్జి అడిగారు.

"తెలుసు సార్. అందరూ పొర్లుకట్ట మీదికి పోయినారు, ఇళ్లలో ఎవురూ లేరు అన్నాడు. నేనూ ఎవురూ లేరనే అనుకున్నా. కొట్టినాక ఒక కేక వినపడింది. వాన మోతలే అనుకున్నా."

రెబెక్కమ్మ లేచి బయటికి వెళ్లి వరండాలో వాంతి చేసుకుంది.

హరినాథ్‌కు ఏడేళ్ల శిక్ష పడింది. అప్పీలు చేసి బెయిలు మీద బయటే ఉన్నాడు. నరేంద్రబాబు అప్రూవరు కాబట్టి వదిలేశారు. హరినాథ్ దవడ విరగ్గొట్టిన కేసులో రెబెక్కమ్మకు శిక్ష వేసి, ఆమె పరిస్థితి చూసి, సత్ప్రవర్తన పూచీ మీద పంపేశారు. ఆఫీసు రికార్డులో హెబ్రోను పేరు పక్కన పెన్నా వరద అన్న మాట కొట్టేయించడానికి మాత్రం ఆమె ఇంకో ఏడాది ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి గుమాస్తా విసుక్కుంటూ ఎర్ర ఇంకుతో కొట్టేసి, గట్టు తెంపడం వల్ల అని రాసి ఇచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని పాస్టరు గారికి తీసుకెళ్లి చూపించింది.

"ఇది దేవుడు చేసింది కాదయ్యగారూ," అంది. "ఆయన మీద వెయ్యబాకండి."

పాస్టరు గారు చాలాసేపు కాగితం చూసి, సరేనమ్మా అన్నారు. ఆ తర్వాతి ఆదివారం ఆ మాట అందరి ముందూ చెప్పారు.

ఆ మధ్య ఒక సాయంత్రం నరేంద్రబాబు చినదిబ్బపాళెం వచ్చాడు. మనిషి సగమయ్యాడు. జేసీబీ తోలడం మానేసి కోవూరులో ఒక రైసు మిల్లులో బస్తాలు మోస్తున్నాడట. రెబెక్కమ్మ కొత్త ఇంటి గుమ్మం ముందు నిలబడి, చెప్పులు విడిచి, లోపలికి అడుగు పెట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడే నిలబడు నాయనా."

అతను నిలబడ్డాడు. ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది.

"కోర్టులో నిజం చెప్పినావు. దానికి నీకు దణ్ణం పెడతా," అంది. "ఆ కేక విని కూడా నువ్వు బండి దిగలా. నా ఇంట్లోకి రాబాక."

అతను తల దించుకుని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. అతను చర్చి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, పొయ్యి మీద మాడిపోతున్న అన్నం దించింది.